‘బాగానే ఉండావు కదా’ అంటోంది అమ్మ: ఆటిజం అసెస్‌మెంట్‌కి ఎలా సిద్ధం కావాలి?

తిరుపతి నుంచి 29 ఏళ్ళ యువతి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. సొంతూరు పుత్తూరు దగ్గర పల్లె. నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం. ఈమె ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్. రక్తం తీయడంలో చెయ్యి తేలికని పేషెంట్లు ఈమెనే అడిగి మరీ వస్తారట. కానీ ట్యూబుల ర్యాక్‌లో ఊదా మూతలు ఎడమ పక్క, బూడిద రంగువి మధ్యలో, ఎర్రవి కుడి పక్క ఉంటేనే చెయ్యి ఆడుతుంది. ఎవరైనా మార్చేస్తే ఆ పూటంతా తల గజిబిజి. అనలైజర్ బీప్, సెంట్రిఫ్యూజ్ హోరు, రిసెప్షన్‌లో టీవీ ఒకేసారి మోగితే ఎదుటి మనిషి మాట చెవికెక్కదు. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుని మాట్లాడుకుంటుంటే ఎప్పుడు నవ్వాలో పక్కమ్మాయి ముఖం చూసి తెలుసుకుంటారు. ఫోన్ చేయాలంటే ముందు చీటీ మీద మాటలు రాసుకోవాలి. పెళ్ళికి వెళ్ళొస్తే మర్నాడంతా తలుపేసుకుని చీకట్లో పడుకోవాలి. రెండేళ్ళుగా ఆందోళనకు మందులు వాడుతున్నారు. కొంత నయమే, కానీ ఇవేవీ పోలేదు.

చిన్నప్పుడు మునివేళ్ళ మీద నడిచేవారట. గంగమ్మ జాతరలో డప్పులు మొదలవగానే గుక్కపట్టి ఏడిస్తే అవ్వ ఎత్తుకుని ఇంటికి తెచ్చేసిందట. నాన్నతో డిపోకి వెళ్ళి బస్సుల నంబర్లు, బోర్డులు కంఠస్థం చేసేవారు. ఇప్పుడు చెన్నైలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో అసెస్‌మెంట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. రెండు సిట్టింగులు, 18,000 రూపాయలు, అంటే దాదాపు నెల జీతం. ఇంకా మూడు వారాలుంది. వాళ్ళు ఇంగ్లీషులో రెండు ప్రశ్నపత్రాలు పంపి, చిన్నతనం తెలిసిన పెద్దవాళ్ళను వెంట తెమ్మన్నారు. అమ్మతో మాట కదిపితే, ‘నీకేమయిందే, బాగానే ఉండావు కదా. ఇట్లాంటివి బయట తెలిస్తే సంబంధాలొస్తాయా?’ అన్నారట. ఏం సిద్ధం చేసుకోవాలి, అమ్మ రాకపోతే ఎట్లా, తమిళం ఇంగ్లీషు మాట్లాడే డాక్టరుకు తన మనసు అర్థమవుతుందా, చివరికి ‘నీకేమీ లేదు’ అంటే ఏం కావాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం

మీ ప్రశ్నలన్నిటి కిందా ఒకటే భయం కనిపిస్తోంది. ఆ గదిలో కూర్చున్నాక అలవాటు ప్రకారం నవ్వుతూ చక్కగా మాట్లాడేసి, వాళ్ళ చేత ‘ఏమీ లేదు’ అనిపించుకుని వచ్చేస్తానేమోనని. ఆ భయం ఉత్తది కాదు. ఏళ్ళ తరబడి పక్కవాళ్ళను చూసి నేర్చుకున్న నవ్వు, ముందే అల్లిపెట్టుకున్న మాటలు కొత్తవాళ్ళ ముందు వాటంతటవే బయటికొస్తాయి. గంటసేపు చూసే మనిషికి అవే కనబడతాయి. ఇంటికొచ్చి చీకట్లో పడుకునే మర్నాడు వాళ్ళకు కనబడదు. ఆ కనబడని భాగాన్ని కాగితం మీద పెట్టి వాళ్ళ చేతికివ్వడమే ఈ మూడు వారాల్లో మీరు చేయాల్సిన పని.

అసలు వాళ్ళు దేనికోసం చూస్తారో ముందు చెబుతాను. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. మీరు ల్యాబ్‌లో పనిచేసే మనిషి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఈఈజీలో, ‘బ్రెయిన్ మ్యాపింగ్’లో తేలుస్తామనే చోటికి పోకండి. నిర్ధారణ అంతా మాటల మీద, గమనింపు మీద, మీ గతం మీద నడుస్తుంది. మన దేశంలో ఎక్కువమంది 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తెచ్చిన డీఎస్ఎమ్-5 ప్రమాణాలనో, 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11నో పట్టుకుని చేస్తారు. డీఎస్ఎమ్-5 లెక్కలో మొదటి భాగం నలుగురితో మెలగడం. మాటకు మాట కలపడం, చూపులు సైగలు ముఖకవళికలు, స్నేహాలు కలుపుకుని నిలుపుకోవడం, ఈ మూడింటిలోనూ ఇబ్బంది ఉండాలి. రెండో భాగంలో నాలుగు లక్షణాలుంటాయి: ఒకే కదలికను లేదా మాటను పదేపదే చేయడం, మార్పును తట్టుకోలేకపోవడం, ఒకదాని మీద విపరీతమైన ఆసక్తి, శబ్దం వెలుతురు స్పర్శ వంటివి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తగలడం. వీటిలో కనీసం రెండు ఉండాలి. ఇవన్నీ చిన్నతనం నుంచే ఉండాలి, వాటివల్ల బతుకులో నిజంగా నష్టం జరుగుతుండాలి.

మీలాంటివాళ్ళకు ముఖ్యమైన మాట ఒకటి ఆ ప్రమాణాల్లోనే ఉంది. లక్షణాలు చిన్నప్పుడే ఉన్నా, మీద పడే బరువు పెరిగేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చు, పెద్దయ్యాక నేర్చుకున్న పద్ధతుల చాటున దాగి ఉండొచ్చు. కాబట్టి ‘బడిలో మంచి మార్కులొచ్చాయి, ఉద్యోగం చేస్తోంది, అందుకని ఆటిజం కాదు’ అని ఎవరైనా మొదటి పది నిమిషాల్లోనే తీసిపారేస్తే వాళ్ళు పెద్దవాళ్ళను చూసి అలవాటున్నవాళ్ళు కారని అర్థం.

ఇప్పుడు రాయడం గురించి. ‘నాకు శబ్దాలు పడవు’ అని రాస్తే ఉపయోగం లేదు. ఆ మాట సగం ఊరు అంటుంది. ఎక్కడ, ఏ వయసులో, ఏం జరిగింది, మీరేం చేశారు, తర్వాత ఎంతసేపు పట్టింది, ఈ ఐదూ ఉండాలి. మీ ఉత్తరంలోని జాతర సంగతే తీసుకోండి. ‘ఆరేడేళ్ళ వయసులో గంగమ్మ జాతరకు తీసుకెళ్ళారు. వేషాల వాళ్ళను చూసి భయపడలేదు, డప్పులు మొదలయ్యాకే చెవులు మూసుకుని కింద కూర్చున్నాను. అవ్వ ఇంటికి తెచ్చాక కూడా రాత్రి దాకా మాట్లాడలేదు. మరుసటి ఏడాది నుంచి నన్ను ఇంట్లో వదిలి వెళ్ళేవాళ్ళు.’ ఇలా రాస్తే చదివే మనిషికి మూడు సంగతులు ఒకేసారి తెలుస్తాయి. బెదిరింది వేషాలకు కాదు, శబ్దానికి. కోలుకోవడానికి చాలాసేపు పట్టింది. ఇల్లంతా మీకు తగ్గట్టు సర్దుకుంది. ఈ చివరిదాన్ని చాలామంది రాయనే రాయరు. ఇంట్లోవాళ్ళు చేసిన సర్దుబాటే పిల్లల ఇబ్బందిని బయటివాళ్ళకు కనబడకుండా దాచేస్తుంది.

ల్యాబ్ సంగతి కూడా అట్లాగే. ర్యాక్ మార్చితే కోపం వస్తుందని కాదు, మార్చిన రోజు ఏ పని ఎంత ఆలస్యమైంది, తప్పు జరక్కుండా ఎన్నిసార్లు సరిచూసుకున్నారు, ఇంటికెళ్ళాక ఎట్లా ఉన్నారు, అది రాయండి. ఫోన్‌కి ముందు చీటీ రాసుకుంటానన్నారు. అటువంటి చీటీలు ఉంటే పారేయకండి, రెండు మూడు ఫొటో తీసి జత చేయండి. పక్కమ్మాయి ముఖం చూసి నవ్వడం కూడా రాయండి. అది ఎప్పుడు మొదలైంది, ఎవర్ని చూసి నేర్చుకున్నారు, ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజు భోజనాల దగ్గర ఏమవుతుంది? కష్టపడి మామూలుగా కనబడటానికి మీరు ఖర్చుపెట్టే శక్తిని అసెస్‌మెంట్ చేసేవాళ్ళు మీ నోటి నుంచే వినాలి, ఇంకో దారి లేదు.

ఒకేసారి కూర్చుని రాయాలనుకోకండి, గుర్తు రాదు. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి, గుర్తొచ్చినప్పుడల్లా నాలుగు ముక్కలు తెలుగులోనే పెట్టుకుంటూ పోండి. చివరి వారంలో దాన్ని రెండు మూడు పేజీలకు కుదించండి. ఇరవై పేజీలు పట్టుకెళ్తే ఎవరూ చదవరు. పైన అర పేజీలో సారం, కింద చిన్నతనం, బడి, కాలేజీ, ఉద్యోగం, ఇల్లు అన్న వరసలో సంఘటనలు. లేనివి కూడా నిజాయితీగా రాయండి. ఉదాహరణకు చిన్నప్పుడు మాటలు ఆలస్యం కాకపోతే ఆ మాట ఉండాలి. అన్నీ సరిగ్గా సరిపోయేట్టు రాసిన కాగితం మీద ఎవరికైనా అనుమానం వస్తుంది, పైగా అది మీకే అన్యాయం చేస్తుంది.

వాళ్ళు పంపిన ప్రశ్నపత్రాల సంగతి. పెద్దవాళ్ళకు మామూలుగా ఇచ్చేవాటిలో ఒకటి ఏక్యూ, 50 ప్రశ్నలు, 32 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలంటారు. ఇంకొకటి రాడ్స్-ఆర్, 80 ప్రశ్నలు, గీత 65. లక్షణాలను ఎంతగా దాచుకుంటున్నారో కొలిచే క్యాట్-క్యూ అని 25 ప్రశ్నలది కూడా ఉంది. ఇవి జల్లెడలు మాత్రమే. ఆందోళన, ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, పదేపదే చేసే పనులు), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, తొందరపాటు) ఉన్నవాళ్ళకు కూడా వీటిలో మార్కులు ఎక్కువ రావచ్చు. అందుకని మార్కు ఎక్కువొచ్చిందని ఖాయం చేసుకోవద్దు, తక్కువొచ్చిందని మానుకోవద్దు. రాడ్స్-ఆర్‌లో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటాయి: ఇప్పుడూ చిన్నప్పుడూ నిజమే, ఇప్పుడు మాత్రమే, 16 ఏళ్ళలోపు మాత్రమే, ఎప్పుడూ కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చిన్నప్పుడు బయటికి కనబడి, ఇప్పుడు పళ్ళ బిగువున అణచుకునేదాన్ని ‘చిన్నప్పుడు మాత్రమే’ అని గుర్తు పెట్టేస్తారు. లోపల ఇంకా ఉంటే అది ఇప్పటిది కూడా. గుర్తు పెట్టి, పక్కన ‘బయటికి కనబడనివ్వను’ అని రాయండి.

ఆ ప్రశ్నలు మన ఊళ్ళ కోసం రాసినవి కావని కూడా గుర్తుంచుకోండి. పార్టీలు, మ్యూజియాలు, థియేటర్లు అంటూ అడుగుతాయి. మీకు పార్టీ అంటే పెళ్ళి, గృహప్రవేశం, సీమంతం. అట్లా మార్చుకుని జవాబు చెప్పి, ఏమని అర్థం చేసుకున్నారో పక్కన రాయండి. చూపు సంగతి కూడా అంతే. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడొద్దని మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు నేర్పుతారు. మీరు చూడకపోవడం ఆ పెంపకం వల్లనా, లేక ఈడువాళ్ళనూ తమ్ముణ్ణీ చూసినా కష్టంగానే ఉంటుందా? ఈ తేడా మీరు చెబితేనే తెలుస్తుంది.

ఇక అమ్మ. చిన్నతనం చెప్పేవాళ్ళు ఎందుకు కావాలంటే, ఏడీఐ-ఆర్ అనే పద్ధతిలో పెంచినవాళ్ళనే కూర్చోబెట్టి 93 ప్రశ్నలు అడుగుతారు, గంటన్నర నుంచి రెండున్నర గంటల దాకా పడుతుంది. అన్ని క్లినిక్‌లూ అది చేయవు, కానీ ఏదో ఒక రూపంలో చిన్నతనం అడగకుండా ఉండరు. మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, అమ్మకు పూర్తిగా చెప్పి వెంట తీసుకెళ్ళడం. సమాచారం బాగా దొరుకుతుంది, కానీ ‘మా బిడ్డకు ఏ లోటూ లేదు’ అని పరువు కాపాడే ధోరణిలో జవాబులు చెబితే అసెస్‌మెంట్ పక్కదారి పట్టే ప్రమాదం ఉంది. అట్లా అయితే అమ్మతో విడిగా మాట్లాడమని, మీ రాతల్ని ముందే చదవమని క్లినిక్‌ను అడగండి. రెండోది, అమ్మను ఇంట్లోనే, పేరు పెట్టకుండా, నెమ్మదిగా అడిగి మీరే రాసుకోవడం. గొడవ తక్కువ, కానీ రిపోర్టులో అది ‘తల్లి చెప్పినట్టు ఆమె చెప్పింది’ అని నమోదవుతుంది, బరువు తగ్గుతుంది. మూడోది, అమ్మ లేకుండా వేరేవాళ్ళతో నడిపించడం. అవ్వ ఉంటే అవ్వ, పిన్నమ్మ, ఐదో తరగతి దాకా చదువు చెప్పిన టీచరు. తమ్ముడు మీకంటే చిన్న కాబట్టి పసితనం చెప్పలేడు, కానీ బడి రోజుల సంగతులు, ఇంట్లో మీరెట్లా ఉంటారో చెప్పగలడు. అతను బెంగళూరు నుంచే వీడియో కాల్‌లో మాట్లాడొచ్చు. ఎవరూ లేకపోయినా అసెస్‌మెంట్ ఆగిపోదు, ‘చిన్నతనం సమాచారం పరిమితం’ అని రాసి ముందుకు వెళ్తారు. నాకైతే మీ ఇంటి పరిస్థితికి రెండోది, మూడోది కలిపి చేయడమే మేలనిపిస్తోంది. ఆఖరి మాట మీదే.

అమ్మను అడిగేటప్పుడు ‘నేను చిన్నప్పుడు ఎట్లా ఉంటిని?’ అని అడగకండి. ‘బంగారు మాదిరి ఉంటివి’ అంటారు, అక్కడితో ఐపోతుంది. సంఘటన పట్టుకుని అడగండి. తిరుమలలో గుండు కొట్టించినప్పుడు ఎంతసేపు ఏడ్చాను, చెవులు కుట్టించినప్పుడు ఏం చేశాను, బళ్ళో వేసిన మొదటి వారం ఎట్లా గడిచింది, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేదాన్నా, కావాల్సింది వేలు పెట్టి చూపేదాన్నా లేక మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదాన్నా, ఏ గుడ్డలు ఒంటిమీద ఉంచుకునేదాన్ని కాదు, ఏం పెడితే ఉమ్మేసేదాన్ని, పిల్లలతో ఆడేదాన్నా పక్కన కూర్చుని చూసేదాన్నా. వంటింట్లో ఏదో పని చేసుకుంటూ ఒక్కోరోజు ఒక్కటి అడిగితే అమ్మకు కథలు గుర్తొస్తాయి. పరీక్షలా వరసపెట్టి అడిగితే అనుమానమొస్తుంది.

ఇంకొకటి. ‘ఇందులో ఏముంది, మీ నాన్నా అంతే కదా’ అని అమ్మ అంటే ఆ మాటనూ రాసుకోండి. ఆటిజం కుటుంబాల్లో నడుస్తుంది. పెళ్ళిలో మూల కుర్చీ వెతుక్కునే తండ్రి, రోజూ ఒకే టైముకు ఒకే పళ్ళెంలో తినే తాత ఉన్న ఇంట్లో మీ తీరు వింతగా కనబడదు. ‘బాగానే ఉండావు’ అని మీ అమ్మగారు అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు తెలిసిన కొలబద్దతో కొలిచి చెబుతున్నారు.

మనుషుల జ్ఞాపకం కంటే కాగితాలు నమ్మకమైనవి. బీరువాలో ప్రోగ్రెస్ కార్డులు వెతకండి. మార్కులు కాదు, టీచర్లు రాసిన ముక్క ముఖ్యం: ‘క్లాసులో మాట్లాడదు’, ‘ఎవరితో కలవదు’, ‘చేతిరాత నెమ్మది’. బంధువుల పెళ్ళి సీడీల్లో మీరు కనబడే నిమిషాలు, బస్సుల నంబర్లు రాసుకున్న పాత నోటుపుస్తకం ఉంటే అదీ. వీటితోపాటు ఇప్పుడు వాడే మందుల పేర్లు, మోతాదులు, పాత చీటీలు పెట్టుకోండి. అసెస్‌మెంట్ కోసమని మందులు ఆపొద్దు. థైరాయిడ్, బీ12 ఈ మధ్య చేయించుకోకపోతే మీ ల్యాబ్‌లోనే చేయించుకోండి. నీరసానికి, మనసు మబ్బుగా ఉండటానికి అవీ కారణం కావచ్చు. గుంపులో మాట వినబడదంటున్నారు కాబట్టి వినికిడి పరీక్ష ఒకసారి చేయించుకుంటే ఆ సందేహం తీరిపోతుంది.

నెల జీతం పెట్టే ముందు క్లినిక్‌ను అడగాల్సినవి ఉన్నాయి. మీకు ఫోన్ కష్టం కాబట్టి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయండి, లిఖితంగా జవాబు ఉండటం కూడా మంచిదే. చూసేది ఎవరు? క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. కౌన్సెలింగ్ డిప్లొమా ఉన్నవాళ్ళ రిపోర్టు తర్వాత ఎక్కడా చెల్లకపోవచ్చు. పెద్దవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను చూసిన అనుభవం ఉందా? ఏ పరీక్షలు చేస్తారు, ఏడాస్-2 (ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి, చిన్న పనులు చేయించి గమనించే పరీక్ష) చేస్తే నాలుగో మాడ్యూలేనా? మాటలు బాగా వచ్చిన పెద్దవాళ్ళకు వాడేది అదే. ఆందోళన, ఏడీహెచ్‌డీ, ఓసీడీ కూడా చూస్తారా? 2013కు ముందు డీఎస్ఎమ్ ప్రకారం ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ కలిపి ఒకరికే రాయడానికి వీల్లేదు, ఇప్పుడు రాయొచ్చు, కాబట్టి రెండూ చూడమనడం న్యాయమే. రిపోర్టు ఆ 18,000లోనే వస్తుందా, ఫలితం వివరించే సిట్టింగుకు వేరే డబ్బా? జవాబు చెప్పకుండా ముందే థెరపీ ప్యాకేజీలు అంటగట్టే చోటు, స్టెమ్ సెల్ చికిత్స అనే చోటు వదిలేయండి.

భాష సంగతి కూడా అదే మెసేజ్‌లో పెట్టండి. తమిళం అర్థమవుతుంది, ఇంగ్లీషు రాయగలను, మనసులో మాట తెలుగులోనే వస్తుంది అన్నారు. ఇది చిన్న విషయం కాదు. రాని భాషలో ఆగి ఆగి మాట్లాడితే దాన్నే లక్షణమని పొరబడొచ్చు. అప్పజెప్పినట్టు వచ్చే ఇంగ్లీషు అసలు లక్షణాన్ని కప్పేయొచ్చు. తెలుగు వచ్చిన సైకాలజిస్టు అక్కడ ఉన్నారేమో అడగండి. లేకపోతే గతం గురించిన ఇంటర్వ్యూ ఒక్కటైనా తెలుగు తెలిసినవాళ్ళతో ఆన్‌లైన్‌లో పెట్టి, ఎదురుగా కూర్చుని చూసేది అక్కడ చేయొచ్చేమో అడగండి. అదీ కుదరకపోతే మీ నోట్సును ఇంగ్లీషులోకి నిదానంగా మార్చి పంపండి. తెలుగు ప్రతిని కూడా దగ్గర పెట్టుకోండి.

చెన్నై తప్ప దారి లేదా అంటే ఉంది. మీకు మందులు రాస్తున్న డాక్టరునే ముందుగా అడగండి. రెండేళ్ళుగా చూస్తున్న మనిషి ఇచ్చే రెఫరల్ లేఖ ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది. రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ ఊళ్ళోనే ఉంది, వేలూరు సీఎంసీ వాళ్ళ మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో ఉంది, బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. పెద్ద ఆసుపత్రుల్లో ఖర్చు తక్కువ, కానీ క్యూ, జనం, శబ్దం ఎక్కువ, ఒకటికి రెండుసార్లు తిరగాలి. అది మీకు ఎంత భారమో మీకే తెలుసు. ప్రైవేటులో నిశ్శబ్దం, సమయం దొరుకుతాయి, డబ్బు పోతుంది. మూడు నాలుగు నెలలు ఆగి డబ్బు కూడబెట్టుకుని వెళ్ళినా నష్టం లేదు, ఆటిజం అసెస్‌మెంట్‌కి గడువేమీ ఉండదు. కానీ మధ్యలో నిద్ర, తిండి చెడిపోతున్నా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ఆగకండి. మీ డాక్టరును కలవండి, లేదా ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఆ రోజు. మూడు నాలుగు గంటలు ప్రయాణం చేసి అలిసిపోయి నేరుగా గదిలోకి వెళ్ళడం ఒక రకం, ముందురోజే వెళ్ళి లాడ్జిలో కొత్త మంచం మీద నిద్రపట్టక కూర్చోవడం ఇంకో రకం. మీకు ఏది తక్కువ కష్టమో అది చేయండి. రెండు సిట్టింగులూ ఒకే రోజు వద్దని నా సలహా. రెండోది సాయంత్రానికి పడితే అప్పటికి మీకు మాటే రాదు. రైలు టికెట్ రెండుసార్లు పడినా పరవాలేదు. మర్నాడు ల్యాబ్‌కి సెలవు పెట్టండి. చెవులకు పెట్టుకునేవి, నీళ్ళు, మీకు సరిపడే తిండి వెంట తీసుకెళ్ళండి. గదిలో ట్యూబ్‌లైటు గుచ్చుకుంటే చెప్పండి, ఫ్యాను చప్పుడు తగ్గించమనండి. అది మొహమాటపడాల్సిన పని కాదు, వాళ్ళు తెలుసుకోవాల్సిన సమాచారం.

ఏడాస్‌లో బొమ్మలు చూసి కథ చెప్పమంటారు, రోజూ చేసే చిన్న పనిని చేసి చూపమంటారు, స్నేహం గురించి, ఒంటరితనం గురించి అడుగుతారు. మొత్తం 40 నిమిషాల నుంచి గంట. పెద్దవాళ్ళకు ఇవి పిల్లల ఆటల్లా అనిపించి చిన్నతనంగా ఉండొచ్చు, అయినా చేయండి. జవాబులు ఇంటి దగ్గర సాధన చేసి వెళ్ళొద్దు. లేనిది కలపొద్దు, ఉన్నది అణచొద్దు. చెయ్యి దుపట్టా అంచు చుట్టుకుంటానంటే చుట్టుకోనివ్వండి. ‘ఎట్లా ఉన్నారు?’ అనగానే ‘బాగున్నానండీ’ అని వచ్చేస్తుంది మీకు. అట్లా వచ్చేస్తే వెంటనే ‘అది అలవాటుగా అన్న మాట, నిజానికి ఇప్పుడు…’ అని సరిదిద్దుకోవచ్చు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి, రాసివ్వమనండి. గుర్తు లేకపోతే లేదనండి. మొదట్లోనే ‘నేను కొత్తవాళ్ళ ముందు బాగానే మాట్లాడతాను, దాని వెల తర్వాత తెలుస్తుంది, అది ఈ కాగితాల్లో రాశాను’ అని ఒక్క వాక్యం చెప్పి నోట్సు ఇచ్చేయండి.

‘ఏమీ లేదు’ అంటే? అప్పుడు అడగాల్సింది ఏ ప్రమాణం సరిపోలేదు, ఎందుకు, మరి ఈ కష్టాలను దేనితో వివరిస్తున్నారు అని. దానికి చక్కటి జవాబు వస్తే డబ్బు వృథా కాలేదు. ఏడీహెచ్‌డీ అనో, సామాజిక ఆందోళన అనో తేలితే వాటికి వేరే చికిత్స ఉంది. ‘పెళ్ళైతే సర్దుకుంటుంది’ వంటి జవాబు వస్తే, ఇదే నోట్సుతో ఇంకొకరిని అడగడం మీ హక్కు. అవునంటే మందు ఏదీ రాయరు, ఆటిజానికి మందు లేదు. ఆందోళనకు, నిద్రకు ఇస్తారు. మారేది మీరు మిమ్మల్ని నడుపుకునే పద్ధతి.

పెళ్ళి గురించి సూటిగా చెబుతాను. మీరు మేజర్, మీ అనుమతి లేకుండా రిపోర్టు అమ్మానాన్నలకైనా ఇవ్వకూడదు. ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది మీ చేతిలో ఉంటుంది. చెబితే కొన్ని సంబంధాలు పోతాయి, అది నిజం. దాచి చేసుకుంటే, ముఖ్యమైన విషయం దాచారని పెళ్ళి రద్దు చేయమని కోరే వీలు హిందూ వివాహ చట్టం 1955 లోని 12వ సెక్షన్‌లో ఉంది. ఆటిజం ఆ కిందికి వస్తుందా అన్నది కోర్టు తేల్చే సంగతి, కానీ ఆ భయంతో కాపురం చేయడం మీకు మంచిది కాదు. మధ్యే మార్గం ఒకటుంది. పెళ్ళిచూపుల్లో కాకుండా, మాటలు ఖాయమయ్యే ముందు, అబ్బాయితో నేరుగా, పేరుతో కాక అవసరాలతో మొదలుపెట్టడం: గుంపులో ఎక్కువసేపు ఉండలేను, ఇంట్లో నాకు ఒక నిశ్శబ్దమైన గది కావాలి అని. దాన్ని అతను ఎట్లా తీసుకుంటాడో చూసి మిగతాది చెప్పొచ్చు.

రిపోర్టు చేతికొచ్చాక నిదానంగా చదివి, తేదీలు, చదువు, కుటుంబం వివరాల్లో తప్పులుంటే రాసి సరిచేయించుకోండి. ఇది వికలాంగుల ధ్రువపత్రం కాదని గుర్తుంచుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఆ పత్రం కావాలంటే యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చేసి ప్రభుత్వ మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాలి. అక్కడ ఐఎస్ఏఏ అనే 40 అంశాల కొలతతో చూస్తారు, 70 మార్కుల నుంచి ఆటిజంగా లెక్క. 40 శాతం వైకల్యం రాస్తేనే ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్ వంటివి వర్తిస్తాయి. మీలా ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళకు అది అవసరమా అన్నది తర్వాత నిదానంగా ఆలోచించుకోవచ్చు. ల్యాబ్‌లో ర్యాక్ కదపొద్దని, రిసెప్షన్ టీవీ సౌండు తగ్గించాలని అడగడానికి మీ చిన్నతనమంతా ఉన్న రిపోర్టు చూపించనక్కర్లేదు. ఫలితం చెప్పే రోజునే, మీకు పనిచోట ఏ సర్దుబాట్లు కావాలో మాత్రమే ఉండే ఒక పేజీ లేఖ విడిగా ఇమ్మని అడగండి.